వేరుశెనగ బూజు, ఆకుకూర, మన కణములలోని బీజలిపి

గత మాసమున మన సంఘపు సర్వసభ్య సమావేశము ముగిసిన పిదప సభ్యులలో నొకరు నన్ను ప్రక్కకు బిలిచి, చొక్కా జేబులోనుండి యొక చిన్న సీసాను దీసి చూపిరి. అందులో పసుపు సారముతో జేసిన క్యాప్సూలు మాత్రలు 60 గలవు. వెల 1,800 రూపాయలు. సీసాకు అంటించిన చీటిమీద "మీ డి.ఎన్.ఏ.ను కాపాడును" అని అచ్చు వేసియున్నది. "సార్, ఈ డి.ఎన్.ఏ. అంటే ఏంది? అది చెడిపోతాదా? మా పెద్దోడు పట్నంనుంచి తెచ్చినాడు. మింగల్నా, వద్దా?" అని ఆయన యడిగిరి. నేను విత్తన శుద్ధిని గూర్చియు, ఎఱువుల మోతాదును గూర్చియు వెంటనే చెప్పగలవాడనే గాని, ఈ ప్రశ్నకు అప్పటికప్పుడు నా నోటినుండి తిన్నని సమాధానము రాలేదు. చదివి చెప్పెదనని మాట యిచ్చి పంపితిని.

మఱునాడు ఉదయము వేఱొక పనిమీద ఆయన యింటికే పోవలసి వచ్చినది. వసారాలో ఆయన తల్లిగారు చేట ముందు బెట్టుకొని ఒలిచిన వేరుశెనగ పప్పును ఏఱుచుండిరి. నిండుగా నిగనిగలాడు పప్పు ఒక గోనెలోనికిని, ముడుతలుపడినదియు, నల్లబడినదియు, పైతొక్కమీద పసుపు పచ్చని పొడి వంటి బూజు పట్టినదియు ఒక గంపలోనికిని పడుచుండెను. ఆ గంప ఎవరి కని యడిగితిని. "మంచివి మండీకి పోతాయి నాయనా. ఇవి ఇంటికి. ఊరిబిండికి, పిల్లోళ్లకు వేయించి పెట్టేదానికి. మిగిలితే గొడ్లకు" అని ఆమె చెప్పిరి. కుమారుని జేబులో డి.ఎన్.ఏ.ను కాపాడు సీసా, తల్లి ప్రక్కన డి.ఎన్.ఏ.ను చెఱచు గంప! ఆ రెంటికిని గల సంబంధమును నే నెఱిగినంతవఱకు సభ్యులకు విన్నవించుటకే ఈ వ్యాసము.

మన శరీరము కోట్లకొలది సూక్ష్మ కణములతో గట్టబడినది. ప్రతి కణము నడుమను ఒక పొడవైన దారపుపోగు వంటి పదార్థము చుట్టలు చుట్టుకొని యుండును. దానిని చాచి లాగినచో సుమారు 2 మీటర్ల పొడవుండును. అదియే డి.ఎన్.ఏ. ఆ పోగు మీద నాలుగే యక్షరములతో ఒక లిపి గలదు. శాస్త్రజ్ఞులు వానిని ఎ, టి, జి, సి అను గుర్తులతో వ్రాయుదురు. తల్లినుండి వచ్చిన ప్రతియొకటి, తండ్రినుండి వచ్చిన ప్రతియొకటి. ఒక్కొక్క ప్రతియందును సుమారు 300 కోట్ల యక్షరములు. కన్ను ఏ రంగు గావలెను, కాలేయము ఏ రసమును దయారు చేయవలెను, కణము ఎప్పుడు రెండుగా చీలవలెను, ఎప్పుడు చీలుట మానవలెను అను ఆజ్ఞ లన్నియు ఈ లిపియందే యున్నవి. విత్తనములోని గుణము తరువాతి పంటకు దిగుట కూడ ఇట్టి లిపివలననే గనుక దీనిని బీజలిపి యని చెప్పుకొందము. ఈ పోగు రెండుపేటల మెలికగా నుండునని కేంబ్రిడ్జిలో వాట్సన్, క్రిక్ అను నిరువురు 1953లో ప్రకటించిరి. రోసలిండ్ ఫ్రాంక్లిన్ అను విదుషీమణి యొద్ద తీయబడిన ఎక్స్-రే చిత్రములు అందులకు గొప్ప యాధారమైనవి.

నేను చదివిన మిషను పాఠశాలకు జేరి ఒక చిన్న అచ్చుకూట ముండెడిది. సెలవు దినములలో మే మక్షరములు పేర్చుట నేర్చుకొనెడివారము. ఒకనాడు నేను "పిల్లవానికి పాలు పోయుము" అని పేర్చవలసిన చోట "లు" బదులు "ము" పెట్టితిని. ఫోర్మను గారు ప్రూఫు చూచి నవ్విరో కోపించిరో యిప్పుడు జ్ఞప్తికి లేదు గాని, ఒక్క యక్షరము మాఱుటచేత పాలు పామైన సంగతి మాత్రము మఱువలేదు. బీజలిపిలో జరుగు చెఱుపు సరిగా నట్టిదే. చాల తావుల నొక యక్షరము మాఱినను బాధ లేదు. "ఇక చీలవద్దు" అని కణమున కాజ్ఞ యిచ్చు తావున మాఱినచో, ఆ కణము మాట వినక చీలుచునే పోవును. ఇట్టి తప్పులు కొన్ని యొకేచోట కూడినప్పుడు కేన్సరు పుట్టును.

ఈ చెఱుపు అరుదుగా జరుగునదని తలంపరాదు. ఎండ తగులుటచేతను, పొగ పీల్చుటచేతను, తుదకు మనము తిన్న యన్నము ఒంటిలో దహించుట చేతను గూడ ప్రతి కణములోను దినమునకు వేలకొలది చిన్న చిన్న గాయములు బీజలిపికి తగులుచునే యుండును. అయినను మనము బ్రతికియున్నాము. ఏలయన కణములోనే ప్రూఫు దిద్దువారు గలరు. చెడిన యక్షరమును గత్తిరించి, ఎదుటి పేటను చూచి సరియైన దానిని తిరిగి కూర్చు ఎంజైములు రాత్రింబవళ్లు పని చేయుచుండును. ఈ మరమ్మతు పద్ధతులను గనుగొన్నందుకే లిండాల్, మోడ్రిచ్, సంజార్ అను ముగ్గురకు 2015లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమాన మిచ్చిరి. కావున "డి.ఎన్.ఏ.ను కాపాడుట" యనగా ఏదో యొక మాత్రవలన క్రొత్తగా వచ్చు రక్షణ కాదు. దిద్దువారు దిద్దగలిగిన దానికంటె ఎక్కువ తప్పులు పడనీయకుండుట, అంతియే.

ఇక గంప సంగతి. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోళ్లు కొలది నెలలలో చచ్చినవి. మొదట తెగులేమో తెలియక దానికి "టర్కీ ఎక్స్ వ్యాధి" యని పేరు పెట్టిరి. వెదకగా వెదకగా కోళ్లమేతలో గలిపిన బ్రెజిలు దేశపు వేరుశెనగ చెక్కయే కారణమని తేలినది. ఆ చెక్కకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పట్టియుండెను. ఆ బూజు విడుచు విషమునకు ఆ పేరులోని యక్షరములనే కలిపి ఆఫ్లాటాక్సిన్ అని నామకరణము చేసిరి. మన దేశమున 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దులలోని కొండగ్రామములలో అకాలవర్షమునకు దడిసి బూజు పట్టిన మొక్కజొన్నను తిన్నవారిలో 397 మంది కామెర్లతో పడిపోయిరి. 106 మంది మరణించిరి. వారితో పాటు ఆ యన్నమే తిన్న ఊరకుక్కలు గూడ చచ్చినవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు పోయి పరిశీలించి, ఇది బూజు విషమే యని తేల్చిరి.

అంత పెద్ద మోతాదు పడినప్పుడు మనిషి వెంటనే కూలును గనుక లోకమునకు దెలియును. మన యిండ్లలో జరుగున దది కాదు. దినమునకు ఇంతంత, ఏండ్ల తరబడి. విషము పేగునుండి కాలేయమునకు బోవును. కాలేయము దానిని నీటిలో గఱగునట్లు చేసి బయటికి పంపవలెనని యత్నించును. విచిత్రమేమన, ఆ యత్నములోనే దానికి వాడి గొమ్ము మొలచును. అట్లు మాఱిన విషము బీజలిపిలోని "జి" యక్షరమును, అనగా గ్వానీనును, పట్టుకొని యతుకుకొనును. అతుకుపడిన చోట ప్రతి వ్రాయునప్పుడు "జి" బదులు "టి" పడుట కవకాశ ముండును. కణము చీలుటను అదుపులో నుంచు పి53 అను బీజములో 249వ స్థానమున సరిగా ఈ మార్పే, బూజు తిండి యెక్కువగా నున్న చైనా తీరమునను, దక్షిణాఫ్రికాలోను కాలేయ కేన్సరు రోగులలో కనబడినదని 1991లో ప్రకటించిరి. తప్పును చూచి అచ్చు పేర్చినవాని చేతిని గుర్తుపట్టినట్లు, బీజలిపిని చూచి విషమును గుర్తుపట్టగలిగి రన్నమాట.

హెపటైటిస్-బి అను కామెర్ల వైరస్ ఒంటిలో నున్నవారికి ఈ విషము మఱింత కీడు చేయును. షాంఘైలో 18,244 మంది పురుషులను బరిశీలించి 1992లో ప్రకటించిన దానినిబట్టి, రెండునుగలవారికి కాలేయ కేన్సరు వచ్చుట ఏదియు లేనివారికంటె సుమారు 60 రెట్లు. శిశువులకు ప్రభుత్వమువారు వేయు హెపటైటిస్-బి టీకాను తప్పింపరాదని చెప్పుటకు ఇంతకంటె కారణము వేఱే అక్కఱలేదు.

ఇప్పుడు మొక్కలలోని పదార్థములు ఈ కథలో ఎక్కడ ప్రవేశించునో చూతము. షాంఘైకి ఉత్తరమున యాంగ్ట్సీ నది సముద్రములో గలియు చోట చిదోంగ్ అను మండలము గలదు. తేమ నేల, తేమ గాలి. అక్కడి ప్రజలు పూర్వము మొక్కజొన్నయే ముఖ్యాహారముగా దినెడివారు. ఆ గింజకు బూజు విపరీతము. పెద్దవారి మరణములలో పదింట నొకటి కాలేయ కేన్సరువలననే జరిగెడిది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమువారును, చైనా వైద్యులును గలిసి అచ్చట పరీక్షలు సలిపిరి.

వారి యాలోచన యేమన: ఆకు పచ్చగా నుండుటకు కారణమైన పత్రహరితము పలుచని బిళ్ల వంటి రూపము గలది. బూజు విషము గూడ అట్టి బల్లపరుపు రూపము గలదే. రెండు పలకలు తడిసి అంటుకొన్నట్లు ఇవి యొకదాని నొకటి కఱచుకొనును. పేగులోనే అట్లు కఱచుకొన్నచో విషము రక్తములోనికి బోక మలముతో బయటికి బోవును. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు ట్రౌటు చేపలకు విషముతో పాటు క్లోరోఫిల్లిన్‌ను మేపి, వానిలో కాలేయపు గడ్డలు తగ్గుటను అంతకు ముందే చూచియుండిరి. క్లోరోఫిల్లిన్ అనునది పత్రహరితమునుండి తయారు చేసిన, నీటిలో గఱగు పచ్చని పదార్థము.

చిదోంగ్‌లో 180 మంది ఆరోగ్యవంతులను చీట్లు వేసి రెండు భాగములుగా జేసిరి. ఒక భాగమువారు భోజనముతో పాటు దినమునకు మూడు మారులు, మారునకు 100 మిల్లీగ్రాముల చొప్పున క్లోరోఫిల్లిన్ మాత్రను మ్రింగిరి. రెండవవారు చూచుటకు అట్లేయుండు మందు లేని మాత్రను మ్రింగిరి. ఎవరి దేదో వారికిని దెలియదు. ఇట్లు నాలుగు మాసములు. బీజలిపికి అతుకుకొని, మరమ్మతు వారిచే గత్తిరింపబడి బయటపడిన విషపు ముక్క మూత్రములో వచ్చును. దానిని కొలిచిరి. 2001లో ప్రకటించిన ఫలిత మేమనగా, మందు మ్రింగినవారిలో ఆ ముక్కలు రెండవవారికంటె నూటికి 55 పాళ్లు తక్కువ. అనగా బీజలిపికి తగులు దెబ్బలు సగమునకు పైగా తగ్గినవి. ఆకుపచ్చని పదార్థము మనిషి కణములోని లిపిని గాపాడెనని గింజలో, ఎలుకలో గాక మనుష్యులలోనే కొలిచి చూపిన పరీక్షలలో ఇది ముఖ్యమైనది.

దీనిని బట్టి తోటకూర తిన్న వెంటనే నూటికి 55 పాళ్లు రక్షణ గలుగునని యెవరైనను చెప్పినచో నమ్మవలదు. వారిచ్చినది సారము, కూర కాదు. ఆకులోని సహజ పత్రహరితము గూడ విషమును పేగులోనే పట్టగలదని 2009లో కొలదిమంది స్వచ్ఛందులమీద చేసిన చిన్న పరీక్షలో కనబడినది. అదియు వేఱుచేసి శుద్ధిచేసిన పత్రహరితమే. మఱియొక సంగతి. ఇది పేగులో పట్టుకొను కాపలా గనుక విషముతో పాటు అదే పూట కడుపులో నుండవలెను. ఉదయము పచ్చడి, రాత్రి ఆకుకూర యన్నచో కాపలావాడు వచ్చునప్పటికి దొంగ యింట దూరి యుండును. ఆకుకూరను పండుగకో, కూరగాయలు లేనినాడో గాక ప్రతి పూట కొంచెముగా వండుకొనుట మేలని నేను చెప్పుట ఇందుకే. చెఱువు గట్టున, పొలము గనుమున దొరకు పొన్నగంటికూర, చెంచలికూర, పెరటి మునగాకు, వీనికి వెల యేమియు లేదు.

రెండవ కాపలా కాలేయములోనే యున్నది. వాడి గొమ్ము మొలచిన విషమును బీజలిపి చేరకముందే పట్టి, మఱియొక పదార్థముతో జతగట్టి బయటికి నెట్టు ఎంజైములు అందు గలవు. ఆవాలు, ముల్లంగి, క్యాబేజి, కాలీఫ్లవరు మొదలగు జాతి మొక్కలలో ఘాటునకు కారణమైన పదార్థములు ఈ ఎంజైములను ఎక్కువగా పుట్టించునట్లు కణమును ప్రేరేపించును. ఆ జాతిదే యైన బ్రోకలీ అను పచ్చని పువ్వుకూరనుండి సల్ఫరోఫేన్ అను పదార్థమును జాన్స్ హాప్కిన్స్‌లో టలాలే గారును ఆయన తోడివారును 1992లో వేఱుచేసి చూపిరి. మన మునగాకులో గూడ ఇట్టి ఘాటు పదార్థము వేఱొకటి గలదు. ఆకును నూఱినప్పుడో నమిలినప్పుడో మాత్రమే ఆ ఘాటు పుట్టును. మొక్కలోనే యున్న ఒక ఎంజైము దానిని విడిపించును. ఎక్కువ సేపు ఉడికించినచో ఆ ఎంజైము చచ్చును. ముల్లంగిని గంటల తరబడి ఉడికించి నీరు పాఱబోయుట ఈ విధముగా జూచినను నష్టమే.

చిదోంగ్‌లో 2003లో 200 మందికి మొలకెత్తిన బ్రోకలీ గింజల కషాయమును రెండు వారములు రాత్రిపూట త్రాగించి చూచిరి. ఇక్కడ మాత్రము పత్రహరితపు పరీక్షవలె స్పష్టమైన ఫలితము రాలేదు. రెండు వర్గముల సగటులలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కషాయములోని పదార్థము ఎవరి యొంటిలో ఎక్కువగా చేరినదో వారిలో మాత్రము బీజలిపి దెబ్బలు తక్కువగా నుండెను. ఒకే కషాయము త్రాగినను ఒకరి యొంటికి పట్టినట్లు మఱియొకరికి పట్టలేదు. మడి యొక్కటే, ఎఱువొక్కటే, చాలు చాలునకు పంట వేఱుగా నుండుటను చూచిన రైతులకు ఇందులో ఆశ్చర్యము తోపదు.

ఇక సీసాలోని పసుపు. దీనిని గూర్చి మన హైదరాబాదులోని పోషకాహార సంస్థవారే పని చేసిరి. ఏండ్ల తరబడి పొగ త్రాగుచున్న 16 మందికి దినమునకు ఒకటిన్నర గ్రాముల పసుపును 30 దినములు ఇచ్చి, వారి మూత్రములో బీజలిపిని మార్చగల పదార్థములు ఎంత యున్నవో ఎయిమ్స్ గారు కనిపెట్టిన సూక్ష్మజీవుల పరీక్షచే చూచిరి. (అమెరికాకు చెందిన బ్రూస్ ఎయిమ్స్ గారి పేరిది; ఢిల్లీ ఆసుపత్రికిని దీనికిని సంబంధము లేదు.) ఆ పదార్థములు గణనీయముగా తగ్గినవని 1992లో ప్రకటించిరి. ఇచ్చినది వంటింటి పసుపే, అదియు చెంచాకు తక్కువ. సంతోషింపదగినదే. కాని పదునాఱుగురు కొద్దిమంది. మూత్రములో తగ్గుట వేఱు, కేన్సరు రాకుండుట వేఱు. మొదటి దానిని చూచి రెండవ దానిని సీసాపై అచ్చు వేయుట వర్తకుని తొందర. పైగా పసుపులోని కుర్‌కుమిన్ ఒంటికి కష్టముగా నెక్కును. మిరియపు సత్తు చేర్చి దానిని బలవంతముగా నెక్కించు మాత్రలు బజారులో గలవు. 2019లో ఇటలీ దేశమున పసుపు మాత్రలు మ్రింగిన కొందఱకు కాలేయపు వాపు వచ్చినట్లు అచ్చటి ప్రభుత్వము ప్రకటించినది. కూరలో వేసిన పసుపునకు ఈ భయము లేదు.

మంచి పదార్థమే గదా, ఎక్కువైనచో నేమి యనువారికి ఫిన్లాండు దేశపు సంగతి చెప్పవలెను. క్యారెట్టు, ఆకుకూరలు ఎక్కువగా దినువారిలో ఊపిరితిత్తుల కేన్సరు తక్కువగా నుండుట చూచి, వానిలోని బీటా-కెరోటిన్‌ను మాత్రగా జేసి పొగత్రాగు పురుషులకు ఏండ్ల తరబడి ఇచ్చిరి. పరీక్షలో నున్నవారు మొత్తము 29,133 మంది. 1994లో లెక్క తేల్చగా మాత్ర మ్రింగినవారిలో కేన్సరు తగ్గలేదు సరికదా, నూటికి 18 పాళ్లు పెరిగినది! కూరలో మేలు చేసినది సీసాలో కీడు చేసినది. నత్రజని మంచిదని ఎకరమునకు నాలుగు బస్తాల యూరియా చల్లిన పొలమును మనము చూడలేదా?

ఇంతవఱకు చెప్పినదంతయు విషము లోపలికి వచ్చిన పిదప జరుగు కాపలా. పశ్చిమాఫ్రికాలో గినీ యను దేశము గలదు. అచ్చటివారు మనవలెనే వేరుశెనగ పండించి, మనవలెనే దానిని దినువారు. 20 గ్రామములలో 600 మందిని తీసికొని, పది గ్రామములలో మాత్రము క్రొత్త పద్ధతి నేర్పిరి. పద్ధతి యేమని యెదురు చూచెదరా? చెడిన కాయను చేతితో ఏఱివేయుట. నేలమీద గాక నారచాపలమీద ఆఱబెట్టుట. ఆఱినదో లేదో చేతబట్టి పరీక్షించుట. ప్లాస్టిక్ సంచులకు బదులు నారసంచులలో నింపుట. సంచులను నేలమీద గాక కొయ్యపీటలమీద పేర్చుట. గిడ్డంగిలో పురుగు మందు. అయిదు మాసముల పిదప రక్తము దీసి చూడగా, నేర్చిన గ్రామములవారిలో విషపు గుర్తు మిగిలిన గ్రామములలో నున్న దానికి సగముకంటె తక్కువ. ఇది 2005లో ప్రకటింపబడినది. ఒకచోట మూత్రము, ఒకచోట రక్తము కొలిచిరి గనుక రెండు పరీక్షలను త్రాసులో బెట్టి తూచుట సరికాదు. అయినను క్లోరోఫిల్లిన్ మాత్ర చేసినంత పనిని చాపయు, గోనెయు, ఏఱు చేయియు చేసినవని చెప్పుటకు నాకు సంకోచము లేదు.

చిదోంగ్ కథకు గూడ చివరి భాగ మొకటి గలదు. 1980ల పిమ్మట ఆ దేశమున ధాన్యపు వర్తకమునకు స్వేచ్ఛ వచ్చి, ఆ మండలమువారు బూజు మొక్కజొన్నను విడిచి వరియన్నమునకు మఱలిరి. 1989లో వారి రక్తములో ధారాళముగా కనబడిన విషపు గుర్తు 2012 నాటికి చాలమందిలో పరికరమునకు అందనంత తగ్గినది. కాలేయ కేన్సరు మరణములు సగమునకు దగ్గరగా పడిపోయినవి. అదియు టీకా పొందిన తరమువారు పెద్దవారు కాకముందే. మాత్రలను పరీక్షింపబోయిన శాస్త్రజ్ఞులే దీనిని కొలిచి, 2013లో స్వయముగా ప్రకటించుట నాకు వారియందు గౌరవమును గలిగించినది.

మన పొలములకు వత్తము. బూజు మొదట నేలలోనే తగులుకొనును. కాయ ఊరునప్పుడు వానలు మొగము చాటువేసి నేల కాగినచో కాయ పగిలి బూజునకు దారి యిచ్చును. అనంతపురపు మెట్టరైతుకు ఇది చేతిలో లేని పని. నీటి వసతి యున్నవారు ఆ సమయమున ఒక తడి యిచ్చుట మంచిది. కాయను పీకునప్పుడు గుద్దలి తగిలి గాయపడినదియు, చెదలు గొఱికినదియు వేఱుచేయవలెను. పీకిన చెట్లను కాయలు పైకుండునట్లు తిరగవేసి యెండబెట్టినచో గాలి తగిలి త్వరగా ఆఱును. పచ్చికాయను వామి వేయుట బూజునకు విందు. నిలువకు కాయలోని తేమ నూటికి 8 పాళ్లకు మించరాదు. చేతబట్టి ఆడించిన గలగలమని పప్పు మ్రోగవలెను. గిల్లిన పైతొక్క సులభముగా నూడవలెను. అనుమానమైనచో సంఘ కార్యాలయములో తేమను గొలుచు యంత్రము గలదు. తెచ్చిననాటినుండి దానిమీద గుడ్డ తీసినవారు ముగ్గురే.

ఒలుచు యంత్రములో పప్పు బ్రద్దలు గాకుండుటకు కాయమీద నీళ్లు చల్లు అలవాటు మనయందు గట్టిగా నున్నది. కష్టపడి దింపిన తేమను మరల చేతులార ఎక్కించుట యిది. అట్లు తడిపి ఒలిచిన పప్పును అదేపూట ఆఱబెట్టక గోనెలో గట్టినచో రెండు మూడు దినములలో లోపల వేడి పుట్టి బూజు లేచును. విత్తనమునకైనను, తిండికైనను పొడికాయను ఒలుచుటయే మేలు. నాలుగు పప్పులు బ్రద్దలైనచో కాన్మని నా యభిప్రాయము.

ముసలమ్మగారి గంపను గూర్చి ఇంకొక మాట. ఈ విషము రాశి యంతట సమముగా వ్యాపించి యుండదు. వేలకొలది పప్పులలో కొన్నింటియందే కుప్పపడి యుండును. ఆ కొన్ని సాధారణముగా ముడుతపడినవి, రంగు మాఱినవి, తేలికైనవి. కావున ఆమె చేట పని చాల గొప్ప పని. గోనెలోని సరకు శుభ్రపడుటకు ఆమె చేతులే కారణము. కాని అట్లు వేఱుచేసిన విషమంతయు ఆ చిన్న గంపలో జేరినది, ఆ గంప పిల్లల యొద్దకు బోవుచున్నది. వేయించినను, ఉడికించినను విషము పూర్తిగా పోదు. మన వంటింటి మంటకు అది లొంగునది కాదు. కారము, చింతపండు వేసి నూఱిన పచ్చడిలో చేదు తెలియదు, అంతే.

గొడ్లకు పెట్టినను మనలను విడువదు. పాడిపశువు బూజు చెక్కను తిన్న మఱునాటికే దాని పాలలో ఆ విషము రూపు మాఱి కనబడును. మేత మాన్పినచో కొలది దినములలో పోవును. మన దేశపు చట్టము ప్రకారము పాలలో కిలోకు అర మైక్రోగ్రామునకు మించి యుండరాదు. గానుగ నూనెలో సైతము చెక్క నలుసులతో విషము కొంత దిగును; తేఱనిచ్చి, మడ్డిని విడిచి వాడుకొనవలెను. గంపలోని చెడ్డ పప్పును గుంటలో పూడ్చుట యొకటే నాకు దోచు దారి. "ఎవురు పూడ్చిపెడతారప్పా, దుడ్లు పెట్టి పండించింది" అని ఆమె యనిరి. ఆ మాటకు నా యొద్ద లెక్క తప్ప వేఱు జవాబు లేదు. ఆ దినమున ఆమె ఏఱిన బస్తాకు గంపలోనిది రెండు కిలోలకు మించలేదు. కుమారుని సీసా వెలతో పోల్చి చూడుమని మాత్రము చెప్పితిని. ఆమె నవ్విరి, గంపను మాత్రము నా యెదుట పాఱబోయలేదు.

అమ్మకపు సంగతి గూడ ఇందులో గలదు. యూరపు దేశములవారు నేరుగా దిను వేరుశెనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకంటె ఎక్కువ విషమును సహింపరు. మన చట్టము శుద్ధి చేయబోవు పప్పునకు 15 వఱకు అనుమతించును. 15 మైక్రోగ్రాము లనగా పది క్వింటాళ్ల పప్పులో 15 మిల్లీగ్రాములు. ఒక్క పిడికెడు బూజు పప్పు ఒక బస్తాను చెఱచుటకు చాలును.

సీసా తెచ్చిన సభ్యునికి నేను చెప్పిన దిది. పట్నపు కుమారుని ప్రేమను కాదనవలదు, సీసాను మరల కొనవలదు. కామెర్లు గాని, కాలేయపు వ్యాధి గాని, రక్తము పలుచనగు మందులు గాని యున్నచో ఆ మాత్రలను వైద్యునికి చూపక తాకనే వలదు. పెరటిలో మునగచెట్టు, చేనిలో పసుపు గలవానికి బజారు పసుపుతో పని లేదు. ఆయన చుట్ట కూడ కాల్చుదురు. దానిని గూర్చి చెప్పినప్పుడు ఆయన కార్యాలయపు గోడమీది గడియారమును చూచుచుండిరి.

ఈ యేటి కోతకు ముందుగా మన సంఘము 40 టార్పాలిను పట్టలను, 500 క్రొత్త గోనెసంచులను తెప్పించుచున్నది. పట్టకు దినమునకు పది రూపాయల బాడుగ. పీకుడు మొదలుపెట్టు తేదీని వారము ముందుగా తెలిపినవారికి మొదట ఇవ్వబడును. కావలసినవారు కార్యదర్శిగారి యొద్ద పేరు వ్రాయించుకొనగలరు. తేమ పరీక్షకు కాయను తెచ్చువారు బస్తా పైనుండి గాక, పైన, నడుమ, అడుగున గలిపి రెండు దోసెళ్లు తేవలెను. మంగళ, శుక్రవారములలో ఉదయము పది గంటలవఱకు నేను కార్యాలయములోనే యుందును.